బేస్ గిటార్‌కు ప్రీయాంప్ పెడలా, ఎఫెక్ట్ పెడలా: ఇంట్లోనే పోల్చి తేల్చుకునే పద్ధతి

బేస్ గిటార్ వాయించేవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: "ఒక్క పెడల్‌కు సరిపడే డబ్బే ఉంది. ప్రీయాంప్ కొనమంటారా, ఓవర్‌డ్రైవ్ లాంటి ఎఫెక్ట్ కొనమంటారా?" దీనికి నేను పెడల్ పేరు చెప్పి ఊరుకుంటే మీకు మేలు జరగదు. మీ గిటార్ పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగాలు), మీ వేళ్ళ బలం, మీరు వాయించే చోట ఉండే స్పీకర్లు నావి కావు. వీడియోల్లో వాయించి చూపించేవారివీ కావు. అందుకే ఒక రోజు పగటిపూట మూడు గంటల సమయం కేటాయించి మీరే పోల్చి చూసుకునే పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఒక్క మాట ముందే స్పష్టం చేస్తాను: ఈ వ్యాసంలో బేస్ అంటే వాయిద్యం (నాబ్ పేరుగా వచ్చినప్పుడు మాత్రం మంద్రస్వరాలు), బాస్ అంటే పెడళ్ళు తయారుచేసే జపాన్ సంస్థ.

సిద్ధాంతం ఈ మాత్రం తెలిస్తే చాలు. పెడల్ అంటే గిటార్‌కూ స్పీకర్లకూ మధ్య నేల మీద పెట్టి కాలితో తొక్కే చిన్న పెట్టె. ప్రీయాంప్ పెడల్ గిటార్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచి, బేస్ (మంద్రస్వరాలు), మిడ్ (మధ్య స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) సర్దుకునే వీలు ఇచ్చి, సాధారణంగా ఎక్స్‌ఎల్‌ఆర్ (మైక్ కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల) సాకెట్ ద్వారా నేరుగా మిక్సర్‌కు పంపుతుంది. ఎఫెక్ట్ పెడల్ ఆ సిగ్నల్ స్వభావాన్నే మారుస్తుంది: ఓవర్‌డ్రైవ్ దాన్ని గరుకుగా చేస్తుంది, కంప్రెసర్ హెచ్చుతగ్గులను అణుస్తుంది, ఆక్టేవ్ కింది స్థాయి స్వరాన్ని జోడిస్తుంది. టెక్ 21 వారి శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ డీఐ మొదటి రకానికీ, బాస్ వారి ఓడీబీ-3 రెండో రకానికీ అందరూ ఎరిగిన ఉదాహరణలు. ఫిన్లాండ్‌కు చెందిన డార్క్‌గ్లాస్ వారి బీ7కే వంటివి రెండు పనులనూ ఒకే పెట్టెలో చేస్తాయి. కనుక పెడల్ మీద రాసిన పేరును పట్టించుకోకుండా అది చేసే పనినే చూడండి.

కావలసినవి

- మీ బేస్ గిటార్. యాక్టివ్ గిటార్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే కొత్త 9 వోల్ట్ బ్యాటరీ వేయండి. పోలిక పూర్తయ్యేదాకా తీగలు మార్చకండి.
- కనీసం ఒక ప్రీయాంప్, ఒక ఎఫెక్ట్. రెండూ కొననక్కరలేదు, స్నేహితుల దగ్గర ఒక్క రోజుకు అడిగి తెచ్చుకోవచ్చు.
- గిటార్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె), రికార్డింగ్‌కు రీపర్ లేదా ఆడాసిటీ సాఫ్ట్‌వేర్.
- రీయాంప్ బాక్స్ (రికార్డు చేసిన శబ్దాన్ని గిటార్ సిగ్నల్ స్థాయికి దించి పెడల్‌కు పంపేది) లేదా లూపర్ పెడల్ (వాయించిన ముక్కను మళ్ళీ మళ్ళీ వినిపించేది). రెండూ లేకపోతే ఏం చేయాలో నాలుగో మెట్టులో చెప్పాను.
- మంచి కేబుళ్ళు రెండు, చిన్న ప్యాచ్ కేబుళ్ళు, ప్రతి పెడల్‌కూ విడి అవుట్‌లెట్ ఇచ్చే పవర్ సప్లై.
- చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు. ఫోన్ స్పీకర్, ల్యాప్‌టాప్ స్పీకర్ ఈ పనికి పూర్తిగా పనికిరావు. ఖాళీ 'ఈ' తీగ స్వరం 41.2 హెర్ట్జ్, అవి దాన్ని పలికించలేవు.
- డ్రమ్స్, కీబోర్డ్, గాయకుడి గొంతు ఉండి బేస్ లేని పాట ట్రాక్ ఒకటి.
- తెల్ల టేపు, పెన్ను, నోట్‌బుక్, చివరి పరీక్షకు ఒక గంట సేపు మీ పక్కన ఉండగల మనిషి.

1. మీరు ఎక్కడ వాయిస్తారో ముందు కాగితం మీద రాయండి

మన ఊళ్ళలో చర్చి ఆరాధనలకైనా, పెళ్ళి ఆర్కెస్ట్రాలకైనా వేదిక మీద బేస్ యాంప్ ఉండటం అరుదు. కీబోర్డ్ లాగే బేస్ కూడా కేబుల్ ద్వారా నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. అటువంటి చోట ప్యాసివ్ (బ్యాటరీ లేని) గిటార్‌ను మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు నేరుగా పెడితే పై స్వరాల మెరుపు పోయి, శబ్దం దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. ప్యాసివ్ పికప్‌కు ఎదురుగా సుమారు 1 మెగా ఓమ్ ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో చాలావరకు కొన్ని పదుల కిలో ఓమ్‌లే ఉంటుంది. మీరు వాయించేది ఎక్కువగా ఇలాంటి చోట్లనే అయితే, మిగతా మెట్లు మొదలుపెట్టకముందే తూకం ప్రీయాంప్ వైపు మొగ్గినట్టే. సొంత యాంప్ ఉండి, దాని టోన్ మీకు నచ్చినదైతే ప్రీయాంప్ అవసరం బాగా తగ్గిపోతుంది.

2. ఏ పెడలూ లేకుండా ఒక నిమిషం రికార్డు చేయండి

గిటార్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్‌కు పెట్టి, మీరు వాయించగల అత్యంత గట్టి దెబ్బకు కూడా మీటర్ సున్నాకు 10 లేదా 12 డెసిబెల్స్ కిందే ఆగేలా గెయిన్ (ఇన్‌పుట్ సిగ్నల్‌ను పెంచే నాబ్) సర్దండి. ఆ నిమిషంలో నాలుగు రకాల వాయింపు ఉండాలి: ఖాళీ 'ఈ' తీగను నాలుగు లెక్కల పాటు సాగదీసిన స్వరాలు, వేళ్ళతో వరుసగా వాయించిన మామూలు పాట లైను, మెల్లగా మొదలై గట్టిగా ముగిసే వరుస, 'జీ' తీగ మీద పై ఫ్రెట్లలో ఒక చిన్న ముక్క. ఐదు తీగల గిటార్ అయితే ఖాళీ 'బీ'ని కూడా చేర్చండి, అది 30.9 హెర్ట్జ్, పెడళ్ళ బలహీనత ముందుగా అక్కడే బయటపడుతుంది.

3. పవర్ విషయంలో తొందరపడకండి

అడాప్టర్ పిన్నును గుచ్చే ముందు పెడల్ మీది గుర్తు చదవండి. చాలా పెడళ్ళకు 9 వోల్ట్ డీసీ, మధ్యలో నెగెటివ్ ఉండాలి. కొన్ని పాత ఫజ్ (ఓవర్‌డ్రైవ్ కన్నా ఇంకా గరుకు చేసే) పెడళ్ళకు మధ్యలో పాజిటివ్ ఉంటుంది, కొన్నింటికి ఏసీ అడాప్టర్ కావాలి. 9 వోల్ట్ పెడల్‌కు 18 వోల్ట్ ఇస్తే అది కాలిపోవచ్చు. మిల్లీయాంపియర్ల లెక్కలో అడాప్టర్ అంకె పెడల్ అంకె కన్నా ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు, తక్కువ ఉండకూడదు. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో అన్నింటికీ పవర్ ఇచ్చి, "ఈ పెడల్ గుంయ్‌మంటోంది" అని తీర్పు ఇవ్వడం నేను తరచుగా చూసే అన్యాయం. అనుమానం వస్తే ఆ పెడల్‌ను బ్యాటరీ మీద ఒకసారి వినండి. రొద ఆగిపోతే తప్పు పవర్‌ది. పోలిక అయ్యాక ఇన్‌పుట్ జాక్‌లోంచి కేబుల్ తీసేయడం మరవకండి. చాలా పెడళ్ళలో బ్యాటరీకి స్విచ్ ఆ జాకే.

4. అదే వాయింపును ప్రతి పెడల్ గుండా పంపండి

మీరు రెండుసార్లు వాయిస్తే రెండూ ఒకేలా ఉండవు. పెడల్ తేడా అనుకున్నది వేళ్ళ తేడా కావచ్చు. అందుకే రికార్డు చేసిన ముక్కను ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌పుట్ నుంచి రీయాంప్ బాక్స్‌కు, అక్కడి నుంచి పెడల్‌కు, పెడల్ నుంచి తిరిగి ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌కు పంపి కొత్త ట్రాక్‌లో రికార్డు చేయండి. ఆ ట్రాక్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ (లోపలికి వచ్చే శబ్దాన్ని వెంటనే బయటకు వినిపించడం) ఆపి ఉంచండి. లేకపోతే లోపలికి వచ్చిన శబ్దం మళ్ళీ బయటకు పోయి కూత పెడుతుంది, స్పీకర్లకూ చెవులకూ ప్రమాదం.

సరిచూసుకునే విధానం: పెడల్‌ను తీసేసి, రీయాంప్ బాక్స్ నుంచి వచ్చే కేబుల్‌ను నేరుగా ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్‌కు పెట్టండి. రెండో మెట్టులో ఉన్న గెయిన్‌నే ఉంచి ముక్కను వినిపించినప్పుడు మీటర్ అప్పటి అంకెనే చూపాలి. ఎక్కువ చూపితే పెడల్‌కు గిటార్ కన్నా బలమైన సిగ్నల్ పోతోందని అర్థం, అప్పుడు ప్రతి ఓవర్‌డ్రైవూ అవసరానికి మించి అరుస్తుంది.

రీయాంప్ బాక్స్ లేకపోతే లూపర్‌ను గిటార్ తరువాత మొట్టమొదట పెట్టి, ఒక ముక్కను లూప్ చేసి, దాని వెనుక పెడళ్ళు మార్చుకుంటూ వినండి. ఫజ్ పెడళ్ళకు మాత్రం ఈ పద్ధతి సరిపోదు; వాటిలో చాలా వాటికి పికప్‌తో నేరుగా సంబంధం ఉండాలి, మధ్యలో ఏదైనా అడ్డం వస్తే స్వభావం మారుతుంది. లూపర్ కూడా లేనివారు మెట్రోనోమ్ పెట్టుకుని ప్రతి పెడల్‌తో అదే లైనును మూడుసార్లు వాయించి, మూడింటిలో మధ్యస్థంగా వచ్చినదాన్ని ఉంచుకోండి.

5. నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, అది ఫ్లాట్ (టోన్‌లో ఏ మార్పూ లేని స్థితి) అని నమ్మకండి

మధ్య స్థానంలో ఉన్న నాబ్ అన్ని పెడళ్ళలో ఒకే అర్థం ఇవ్వదు. శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ మొదటి నమూనాలో మిడ్ నాబే లేదు. అన్నీ పన్నెండు గంటల స్థానంలో ఉన్నా దానిలో మిడ్ లోయలా దిగి ఉంటుంది, చాలామంది దాన్ని ఇష్టపడేదీ అందుకే. దాని బ్లెండ్ నాబ్‌ను (మార్చిన సిగ్నల్‌లో శుభ్రమైన సిగ్నల్‌ను ఎంత కలపాలో చెప్పేది) సున్నాకు తిప్పితే యాంప్‌ను అనుకరించే భాగం పక్కకు పోతుంది, కానీ బేస్, ట్రెబుల్ నాబ్‌లు పనిచేస్తూనే ఉంటాయి. కాబట్టి ప్రతి పెడల్‌ను రెండు రకాలుగా రికార్డు చేయండి: నాబ్‌లు మధ్యలో ఉంచి ఒకసారి, పది నిమిషాలు ఓపికగా సర్ది మీకు నచ్చిన స్థానంలో ఉంచి మరొకసారి. నచ్చిన స్థానాలను టేపు మీద గీతలతో గుర్తు పెట్టండి.

6. శబ్దస్థాయి సమానం చేయండి

మొత్తం వ్యాసంలో ఒక్క మెట్టే పాటించగలిగితే దీన్నే పాటించండి. రెండు శబ్దాల్లో ఒకటి ఒక్క డెసిబెల్ పెద్దగా ఉన్నా, మన చెవి దాన్ని "పెద్దది" అనదు, "మంచిది" అంటుంది. దుకాణంలో పెడల్ తొక్కగానే శబ్దం నిండుగా అనిపించడానికి చాలాసార్లు కారణం లెవెల్ నాబ్ పైకి ఉండటమే. ఇంటికి తెచ్చాక ఆ నిండుదనం ఏమైందో అర్థం కాక బాధపడినవారిని నేను ఎంతోమందిని చూశాను.

రికార్డు చేసిన ట్రాకులన్నింటి లౌడ్‌నెస్‌ను రీపర్‌లోని మీటర్‌తో కొలిచి, లఫ్స్ (చెవికి ఎంత పెద్దగా వినిపిస్తుందో కొలిచే ప్రమాణం) అంకెలు అర డెసిబెల్ లోపు తేడాకు వచ్చేలా ఫేడర్లు సర్దండి. అయితే ఈ కొలత మంద్రస్వరాలను కొంత తగ్గించి, పై స్వరాలను కొంత పెంచి లెక్కిస్తుంది. అందువల్ల మీటర్‌లో గరుకైన ఓవర్‌డ్రైవ్ ట్రాక్ నిజంగా ఉన్నదానికన్నా పెద్దదిగా, నిండైన శుభ్రమైన ట్రాక్ చిన్నదిగా కనిపిస్తాయి. మీటర్‌తో దగ్గరకు తెచ్చి, చివరి సర్దుబాటు కళ్ళు మూసుకుని చెవితో చేయండి.

వినే శబ్దం మరీ చిన్నదిగా ఉంటే మంద్రస్వరాలు ముందుగా చెవికి అందకుండా పోతాయి; ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే ఈ సంగతిని కొలిచి చూపారు. రాత్రి ఇంట్లోవారు నిద్రపోయాక చిన్నగా విని సర్దిన టోన్ వేదిక మీద బురదలా వినిపించేది ఇందుకే. పగలు, మాట్లాడుకునే గొంతు కన్నా కాస్త పెద్ద శబ్దంలో వినండి.

7. ఒంటరిగా కాదు, పాటలో వినండి

ఇప్పుడు డ్రమ్స్, కీబోర్డ్ ట్రాక్‌ను కలిపి ఒక్కొక్క పెడల్ ట్రాక్‌ను మార్చి మార్చి వినండి. ఒంటరిగా విన్నప్పుడు మనసు దోచిన టోన్ పాటలో మాయమవడం మామూలే. ఒంటరిగా ముక్కుతో పలికినట్టు ఉన్న టోన్ పాటలో ప్రతి స్వరమూ విడివిడిగా వినిపించడం కూడా అంతే మామూలు. కిక్ డ్రమ్, కీబోర్డ్ ఎడమ చెయ్యి, బేస్ మూడూ ఒకే ఇరుకు గదిలో నిలబడతాయి. స్పష్టత తెచ్చేది సుమారు 700 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య ఉన్న మిడ్. బేస్ నాబ్ తిప్పే ముందు మిడ్ నాబ్ కొద్దిగా పెంచి చూడండి. ఆర్కెస్ట్రాలో అయితే కీబోర్డ్ వాయించే అన్నను ఎడమ చెయ్యి ఒక స్థాయి పైకి జరపమని అడగడం ఏ పెడల్ కొనడం కన్నా ముందు చేయవలసిన పని.

ప్రతి ట్రాక్‌కూ మూడు ప్రశ్నలు రాసుకోండి: కిక్‌తో కలిసి కొట్టిన స్వరం ఏదో తెలిసిందా? మెల్లగా వాయించిన స్వరాలు నిలిచాయా? గాయకుడి గొంతుకు అడ్డం వచ్చిందా? "నిండుగా ఉంది", "వెచ్చగా ఉంది" వంటి మాటలు రాయకండి. మరునాడు అవి మీకే అర్థం కావు.

8. ఎఫెక్ట్ తొక్కినప్పుడు అడుగు భాగం పోతోందేమో చూడండి

కొన్నేళ్ళ క్రితం ఒక క్రిస్మస్ ఆరాధనలో, మామూలు ఎలక్ట్రిక్ గిటార్ కోసం చేసిన ఓవర్‌డ్రైవ్‌ను బేస్‌కు పెట్టి వాయించాను. నా పక్కనున్న మానిటర్‌లో అది గర్జించినట్టు వినిపించింది. మరునాడు రికార్డింగ్ విన్నప్పుడు, పల్లవి రాగానే నేను ఓవర్‌డ్రైవ్ తొక్కిన ప్రతిచోటా పాట కింద నేల లేనట్టు ఉంది. డ్రమ్స్ ఒంటరిగా మోగుతున్నాయి. బేస్ స్థానంలో సన్నటి జుర్రుమనే శబ్దం మాత్రమే మిగిలింది. మామూలు గిటార్ ఓవర్‌డ్రైవ్‌లు చాలావరకు మంద్రస్వరాలను కావాలనే కోసి పంపుతాయి, ఆ గిటార్‌కు అది మంచిదే, మన బేస్‌కు కాదు.

పరీక్ష ఇలా చేయండి: ఖాళీ 'ఈ'ని సాగదీసి, పెడల్‌ను నాలుగు లెక్కలకు ఒకసారి వేస్తూ ఆపుతూ ఉండండి. వేసిన ప్రతిసారీ పొట్టలో తగిలే భాగం తగ్గుతుంటే ఆ పెడల్ ఒంటరిగా మీకు పనికిరాదు. బ్లెండ్ లేదా బ్యాలెన్స్ నాబ్ ఉన్నవాటిని ఎంచుకోండి. ఓడీబీ-3లో ఈ నాబ్ ఉంది. లేని పెడల్ మీద మరీ ఇష్టం ఉంటే బాస్ వారి ఎల్‌ఎస్-2 వంటి లైన్ సెలెక్టర్‌తో శుభ్రమైన సిగ్నల్‌ను పక్కనే నడిపి రెండింటినీ కలపవచ్చు. అలా కలిపినప్పుడు శబ్దం పెరగాల్సింది పోయి పలచబడితే, ఆ పెడల్ సిగ్నల్ పోలారిటీని (ప్లస్, మైనస్ దిశను) తిప్పేస్తోందని అర్థం. రెండు దారులు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటున్నాయి. అప్పుడు ఎంత సర్దినా లాభం లేదు, పెడల్ మార్చండి.

ఆక్టేవ్ పెడల్‌ను ఖాళీ 'ఈ' మీద పరీక్షించి బాగాలేదనకండి. దాని కింది స్థాయి 20.6 హెర్ట్జ్, మామూలు స్పీకర్ ఏదీ దాన్ని పలికించలేదు. 'ఏ' తీగ ఏడో ఫ్రెట్ నుంచి పైకి వాయించి చూడండి.

9. ప్రీయాంప్‌ను మిక్సర్ దగ్గర పరీక్షించండి

ప్రీయాంప్ అసలు విలువ ఇంట్లో తెలియదు. వీలైతే మీరు వాయించే చోటికి అరగంట ముందుగా వెళ్ళి, ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌ను మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కు పెట్టండి. ముందు ఆ ఛానల్ మ్యూట్ చేయమని సౌండ్ ఇంజినీర్‌ను అడగండి. కేబుల్ పెట్టేటప్పుడు వచ్చే ఠప్పుమనే శబ్దం స్పీకర్లను దెబ్బతీస్తుంది. మిక్సర్ మైక్ కేబుల్ ద్వారానే పంపే 48 వోల్ట్ ఫాంటమ్ పవర్‌తో నడిచే ప్రీయాంప్‌లు ఉన్నాయి, శాన్స్‌యాంప్ అందులో ఒకటి. మిగతావాటికి మాన్యువల్ చూడకుండా ఫాంటమ్ వేయించకండి.

50 హెర్ట్జ్ హమ్ వస్తే పెడల్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ను విడదీసేది) నొక్కండి. హమ్ పోవడానికి యాంప్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్నును తీసేయడం, రెండు పిన్నుల అడాప్టర్ తగిలించడం మన దగ్గర ఇంకా జరుగుతూనే ఉంది. దయచేసి ఎప్పుడూ అలా చేయకండి. ఒక చేతిలో గిటార్ తీగలు, పెదవికి తగులుతూ మైక్ ఉన్నప్పుడు ఆ ఎర్త్ పిన్నే మీ ప్రాణానికి రక్ష.

ప్రీయాంప్‌ను బేస్ యాంప్‌తో వాడేవారు దాన్ని యాంప్ ముందు ఇన్‌పుట్‌కు పెడితే రెండు ప్రీయాంప్‌లు ఒకదాని మీద ఒకటి పడతాయి. యాంప్ వెనుక ఎఫెక్ట్స్ రిటర్న్ సాకెట్ ఉంటే అక్కడ పెట్టి మరోసారి వినండి. క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించడం) ఉన్న పెడల్ అయితే, నిజమైన క్యాబినెట్‌కు పంపేటప్పుడు దాన్ని ఆపండి.

10. ఏది ఏదో చూడకుండా వినండి

మీ పక్కన కూర్చున్న మనిషి మీకు కనిపించకుండా ట్రాకులు మార్చాలి. మీరు పేరు చెప్పాలి, వారు రాయాలి. ముందుగా ప్రీయాంప్ ట్రాక్‌కూ, పెడల్ లేని ట్రాక్‌కూ మధ్య పదిసార్లు చేయండి. పదిలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే తేడా నిజంగా మీకు వినిపిస్తోందని నమ్మవచ్చు. ఊహించి అన్నిసార్లు సరిగ్గా చెప్పే అవకాశం దాదాపు నూటికి ఒకటి మాత్రమే. ఆరు, ఏడు దగ్గర ఆగితే ఆ డబ్బు జేబులోనే ఉంచి, మంచి తీగలు, మంచి కేబుల్ కొనండి. ఆ తరువాత రెండు పెడళ్ళ ట్రాకులను పాటతో కలిపి వినిపించమని అడిగి, మీకు ఏది కావాలో మాత్రమే చెప్పండి. గంట విన్న చెవి అలసిపోతుంది, కనుక మరునాడు ఉదయం మరోసారి చేసి రెండు రోజుల సమాధానాలు కలుస్తున్నాయో లేదో చూడండి.

ఫలితాన్ని ఎలా చదవాలి

పెడల్ లేని ట్రాక్ పాటలో కలవలేకపోతే, మిడ్ కొద్దిగా పెంచగానే కలిస్తే మీకు కావలసింది ప్రీయాంప్. ఓవర్‌డ్రైవ్ కోసం వచ్చినవారిలో ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. పెడల్ లేని ట్రాక్ ఇప్పటికే బాగా కలిసి, పాటలో ఒక చోట మాత్రం కొత్తదనం కావాలనిపిస్తే ఎఫెక్ట్ కొనండి. స్వరాల్లో కొన్ని పైకి లేచి కొన్ని మునిగిపోతుంటే కంప్రెసర్ వైపు చూడవచ్చు, అయితే ముందు రెండు వారాలు మెట్రోనోమ్‌తో కుడిచేతిని సాధన చేసి చూడండి. నా అనుభవంలో సగంమందికి ఆ కొరత అక్కడే తీరింది.

తరువాత రెండూ చేరితే ఈ వరుసతో మొదలుపెట్టండి: ట్యూనర్, ఆక్టేవ్ లేదా ఎన్వలప్ ఫిల్టర్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్ (ఒక స్వరాన్ని పలువురు కలిసి వాయించినట్టు చేసే ఎఫెక్ట్), చివరన ప్రీయాంప్. ఫిల్టర్ మీ వేళ్ళ బలాన్ని బట్టి తెరుచుకుంటుంది కాబట్టి దాన్ని కంప్రెసర్ వెనుక పెడితే మొద్దుబారుతుంది. ప్రీయాంప్ చివరన ఉంటే మిక్సర్‌కు పోయే దారి ఒక్కటే అవుతుంది.

మొదటి కార్యక్రమం రోజున సౌండ్ చెక్‌లో మీ గిటార్‌ను స్నేహితుడి చేతికిచ్చి, హాలు చివరి వరుస దాకా నడిచి వెళ్ళి వినండి. అక్కడ ఖాళీ 'ఈ' స్వరం గుయ్‌మనే రొదగా కాక స్వరంగా తెలియాలి, ఓవర్‌డ్రైవ్ వేసినప్పుడు కిక్ ఒంటరి కాకూడదు. ఏది లోపించినా వెనక్కి వచ్చి టేపు మీది గీతలను చెరపకుండా వాటి పక్కనే వేరే రంగు పెన్నుతో ఆ హాలుకు కొత్త గీతలు గీయండి.